1,850 మీటర్ల తీగ: మా తోట ఇంటికి కేబుల్, ఇంటర్నెట్ వచ్చిన తీరు

నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి సీతారామపురం వెళ్లే వైపు ఉన్న ఒక చిన్న పల్లె మాది. ఇల్లు మాత్రం ఊళ్లో లేదు. రామాలయం దగ్గర తారు రోడ్డు దిగి డొంక వెంట కిలోమీటరున్నరకు పైగా నడిస్తే మా బత్తాయి తోట వస్తుంది; అందులో బోరు పక్కన మా నాన్న కట్టించిన రెండు గదుల మిద్దె ఉంది. పడమట వెలిగొండల వరస, తూర్పున దూరంగా ఉదయగిరి దుర్గం కనిపిస్తాయి. 2023 ఏప్రిల్‌లో నాన్న పోయిన తరువాత అమ్మ ఆ ఇల్లు వదిలి రానని గట్టిగా చెప్పింది. చెన్నైలో నేను చేస్తున్న పద్దుల పనిని ఇంటి నుంచి చేసుకోవడానికి ఆఫీసు వాళ్లు ఒప్పుకున్నారు గనుక, అమ్మను ఒంటరిగా వదలకుండా నేనే తోటకు వచ్చేశాను. ఆ ఇంటికి టీవీ, ఇంటర్నెట్ తెచ్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఊరి చివర, తోటల్లో, మిట్టల మీద ఇళ్లున్నవాళ్లకు ఉపయోగపడుతుందని ఆ వివరమంతా రాస్తున్నాను.

నా పని ప్రధానంగా వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు అమ్మకాల వివరాలకు 11వ తేదీ, పన్ను చెల్లించే 3బీ రిటర్నుకు 20వ తేదీ గడువు. గడువు దాటితే సాధారణంగా రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది, పైగా పన్ను మీద వడ్డీ. ఆ డబ్బు నా ఖాతాదారులు కట్టుకోవాలి, ఆ మాట నేను పడాలి. తోట ఇంట్లో ఫోన్ సిగ్నల్ మిద్దె మీద, అదీ నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే, ఒక గీత కనిపించేది. జూన్ 20న సాయంత్రం ఒక ఎరువుల దుకాణం వాళ్ల రిటర్ను పంపబోతే, కింద ల్యాప్‌టాప్‌లో ఓటీపీ అడుగుతోంది, పైన ఫోన్‌కు అది రావడం లేదు. మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, చివరికి ల్యాప్‌టాప్‌నే ట్యాంకు మీదికి తీసుకెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకు పని ముగించాను. ఇలా నెలకు రెండుసార్లు జరిగితే ఈ ఉద్యోగం నిలవదని ఆ రాత్రే నాకు అర్థమైంది.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. సిమ్ వేసే 4జీ రౌటర్ ఒకటి కొని, దానికి బయట పెట్టే యాంటెనా తగిలించి, ఇరవై అడుగుల ఇనుప పైపుకు కట్టి మిద్దె మీద నిలబెట్టించాను. మాకు టవరు ఉన్న వైపు ఒక గుట్ట అడ్డంగా ఉంది. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు కొంత వంగి, కొంత దూరం పోగలవు గానీ, డేటా ఎక్కువగా మోసే ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు గుట్ట నీడలో దాదాపు ఆగిపోతాయి. యాంటెనా వల్ల తెల్లవారుజామున ఐదారు ఎంబీపీఎస్ వచ్చేది. సాయంత్రం ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళకు అది ఒకటికి పడిపోయేది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్ణయించింది. మాకు సాయంత్రాలు అది కూడా లేదు.

టీవీ సంగతి వేరు. అమ్మకు కావలసినవి పొద్దున శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్, రాత్రి రెండు సీరియళ్లు, మధ్యలో వార్తలు. నెలవారీ చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ పెట్టించాను. ఆ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది కాబట్టి మా దగ్గర డిష్ ఆగ్నేయంగా తిరిగి, తల బాగా పైకెత్తి చూడాలి. అటు వైపున్న కొబ్బరి చెట్టు మట్టలు రెండు కొట్టిస్తే బొమ్మ స్పష్టంగా నిలిచింది. అయితే అమ్మ చూసే సీరియళ్లు ఉచిత ఛానళ్లలో లేవు. గట్టి వాన వచ్చినప్పుడు బొమ్మ పోవడం ఇలాంటి చిన్న డిష్ దేనికైనా తప్పదు, ఎందుకంటే ఆ తరంగాలను దట్టమైన వాన పీల్చేస్తుంది. ఆకాశం మీద ఆధారపడే పద్ధతి ఏదైనా మాకు సగం పనే చేస్తుందని రెండు నెలల్లో తేలిపోయింది. ఇంటి దాకా తీగ రావాలి.

తీగ కోసం ముందు ఒక పెద్ద సంస్థను అడిగాను. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి మా పిన్‌కోడ్ చూసి సౌకర్యం ఉందని చెప్పి 3,000 రూపాయలు ముందుగా కట్టించుకుంది. నలభై రోజులు గడిచాక, ఒక్క మనిషి కూడా తోట వైపు రాకుండానే, సాధ్యపడదని సందేశం వచ్చింది. డబ్బు తిరిగి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. పదిహేను రోజుల్లో ఖాతాలో పడింది. పిన్‌కోడ్ అంటే పదూళ్ల తపాలా చిరునామా మాత్రమేనని, దాన్ని చూసి ఎవరు మాట ఇచ్చినా ఆ మాటకు విలువ లేదని తెలుసుకోవడానికి నాకు నలభై రోజులు ఖర్చయ్యాయి. డబ్బు కట్టే ముందు, మనిషి వచ్చి చూసి వెళ్లాలని పట్టుబట్టండి.

అసలు తీగ ఎక్కడి దాకా వచ్చి ఉందో కనుక్కోవడం నేను మొదటే చేయవలసిన పని. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో మొదలై తరువాత భారత్‌నెట్ అయిన పథకం మొదటి గురి గ్రామ పంచాయతీల దాకా తీగ చేర్చడం. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా జాతికి అంకితమైన ఏపీ ఫైబర్‌నెట్, తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగి, అక్కడి నుంచి ఇళ్లకు ఇచ్చే పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించింది. ఏ పథకమైనా, ఏ సంస్థ అయినా, తీగ ఊరి నడిమధ్యకు వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి ఊరి బయటి ఇంటి దాకా మిగిలేది ఎవరి లెక్కల్లోనూ ఉండదు. ఆ ముక్క ఎవరు వేస్తారు, ఎవరి స్తంభం మీద వేస్తారు, తెగితే ఎవరు అతుకుతారు అన్నవే అసలు ప్రశ్నలు. ఎంత స్పీడు, నెలకెంత అన్నవి వాటి తరువాతే.

మా మండలంలో టీవీ కేబుల్ నడిపే ఒక ఆపరేటర్ అదే ఫైబర్ మీద ఇంటర్నెట్ కూడా ఇస్తాడని తెలిసి ఆగస్టులో వెళ్లి కలిశాను. ఆయన మరునాడే పనివాడితో సహా వచ్చాడు. ఫోన్ మ్యాపులో రామాలయం నుంచి మా ఇంటికి 1,400 మీటర్లు చూపిస్తోంది. తీగ మ్యాపు మీద గీసినట్టు నేరుగా రాదు కదా. పనివాడు, నేను యాభై మీటర్ల నైలాన్ తాడు పట్టుకుని స్తంభం నుంచి స్తంభానికి, గట్టు నుంచి గట్టుకు కొలుచుకుంటూ వచ్చాం. రామాలయం గోడకున్న చివరి జాయింట్ బాక్సు నుంచి మా వరండా దాకా 1,850 మీటర్లు తేలింది. అందులో మొదటి కిలోమీటరు కరెంటు స్తంభాల వెంట, తక్కిన 850 మీటర్లు పొలం గట్ల మీద. తీగకు మీటరుకు 9 రూపాయలు, గట్ల మీద నాటే సరుగుడు బాదులు, కొక్కేలు, కూలి, ఇంట్లో పెట్టే ఇంటర్నెట్ పెట్టె అన్నీ కలిపి 31,000 రూపాయలు అడిగాడు. బేరమాడితే 27,500కు దిగాడు. ఒక ఇంటి కోసం ఆయన సొంత డబ్బు పెట్టలేడన్నది నాకు న్యాయంగానే తోచింది.

కరెంటు స్తంభాల దగ్గర నేను పట్టు విడవలేదు. చాలాచోట్ల కేబుల్ పనివాళ్లు ఎవరికీ చెప్పకుండా స్తంభం ఎక్కి తీగ కట్టేస్తారు. ఈ సన్న ఫైబర్ వైరుకు బలం కోసం పక్కనే ఒక ఉక్కు తీగ కలిపి ఉంటుంది. లోపల వెలుతురును మోసే గాజు పోగులో కరెంటు ప్రవహించదు గానీ ఆ ఉక్కులో ప్రవహిస్తుంది. మోటార్ల లైను తెగి దాని మీద పడితే కొసన పట్టుకున్నవాడి ప్రాణం పోతుంది. అందువల్ల విద్యుత్ కార్యాలయంలో అనుమతి రాయించుకుని, లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైను మీద పని చేయడానికి అనుమతి) తీసుకుని సరఫరా ఆపిన తరువాతే పని మొదలుపెట్టాలని చెప్పాను. దానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలకు నాకేమీ విచారం లేదు.

ఇక గట్లు. మా తోటకూ ఊరికీ నడుమ ముగ్గురి పొలాలున్నాయి. ఇద్దరు వెంటనే సరేనన్నారు. మూడో ఆయన మా నాన్నకు ఈడువాడు, నేను పెదనాన్నా అని పిలుస్తాను. ఆయన చేను చూపించి, "బాదు నాటితే రేపు ట్రాక్టర్ యాడ తిరగబెట్టాల పాపా? వరిగడ్డి లోడు పైకెత్తి పోతుంటే నీ వైరు తగులుకోదా?" అని అడిగాడు. రెండూ సరైన ప్రశ్నలే. బాదులు గట్టు మలుపుల్లో మాత్రమే నాటేటట్టు, బండ్లు తిరిగే డొంక దాటే చోట తీగ పద్దెనిమిది అడుగులకు తగ్గకుండా ఉండేటట్టు ఒప్పుకున్నాం. ఆ ఎత్తు కోసం అక్కడ బాదుకు బదులు పాత బోరు కేసింగ్ పైపు నాటించాను. పెదనాన్న స్వయంగా గుంత లోతు చూసి, రాళ్లు దిమ్మిస కొట్టించాడు.

సెప్టెంబరు చివర తీగ లాగారు. ఇలాంటి తీగ కిలోమీటరు చుట్టలుగా వస్తుంది కాబట్టి మధ్యలో ఒక అతుకు తప్పదు. ఆ అతుకు పెదనాన్న చేని మూల తుమ్మ చెట్టు దగ్గర పడింది. సాయంత్రానికి వరండాలో పెట్టె బిగించి స్విచ్ వేశారు. దాని మీద లాస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం ఆరి వెలుగుతూ ఉండిపోయింది. అంటే ఊరి నుంచి రావలసిన వెలుతురు ఇంటికి చేరలేదన్న మాట. పనివాడు అరచేయంత పవర్ మీటరు తగిలించి, "ముప్పై వస్తుందన్నా" అని ఫోన్‌లో ఆపరేటర్‌కు చెప్పాడు.

ఆ ముప్పై ఏమిటో ఆ రాత్రి కూర్చుని నేర్చుకున్నాను, మీరూ తెలుసుకోవాలి. అది మైనస్ 30 డీబీఎం; తీగలో వచ్చే వెలుతురు బలాన్ని అలా కొలుస్తారు, పోయినదాన్ని డీబీల్లో చెబుతారు. వాళ్లు మైనస్‌ను పలకరు. మైనస్ తరువాతి అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు లెక్క, మూడు పెరిగితే సగమైనట్టు. ఇంట్లో పెట్టే పెట్టె సుమారుగా మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా పని చేస్తుంది. దూరం వల్ల పోయేది నిజానికి తక్కువ: కిలోమీటరుకు మూడో వంతు డీబీ కూడా పోదు, మా 1,850 మీటర్లకు ఒకటి లోపే. వీధిలో ఒక తీగను ఎనిమిది ఇళ్లకు చీల్చే స్ప్లిట్టరు ఒక్కటే పదికి పైగా తినేస్తుంది. ఆ తరువాత తినేవి చెడ్డ అతుకులు. దూరం ఎక్కువ కాబట్టి రావడం లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఊరి బాక్సు దగ్గర ఎంత ఉంది, మధ్య అతుకు దగ్గర ఎంత ఉంది, ఇంట్లో ఎంత ఉంది అని మూడు చోట్లా మీ ఎదుట కొలిపించండి. మాకు రామాలయం దగ్గర 19, తుమ్మ చెట్టు దాటాక 28, ఇంట్లో 30 వచ్చాయి. తొమ్మిది డీబీలు ఆ తుమ్మ చెట్టు దగ్గరే పోయాయి. అక్కడ పనివాడు తీగలను చేతితో నొక్కి పెట్టే ప్లాస్టిక్ కనెక్టర్లతో కలిపి, మామూలు ప్లాస్టిక్ కవరు చుట్టి కొమ్మకు వేలాడదీశాడు. ఇంట్లో కూడా అలాంటి కనెక్టరే.

రెండు రోజుల తరువాత ఆపరేటర్ గాజు కొసలను కరిగించి అతికే స్ప్లైసింగ్ మిషన్‌తో ఇంకో కుర్రవాడిని పంపించాడు. ఆ పని నేను చెట్టు కింద గోనెపట్టా పరిచి దగ్గర కూర్చుని చూశాను. ముందు ఒక తీగకు సన్నని స్లీవు ఎక్కించాడు. అది మరిచిపోతే అతికిన తరువాత ఎక్కించడానికి వీలుండదని చెప్పాడు. పైనున్న నల్లటి తొడుగు ఒలిచి, లోపలి నీలం రంగు పూతను గీకేస్తే వెంట్రుకంత గాజు పోగు మిగిలింది. దాన్ని స్పిరిట్‌లో తడిపిన కాగితంతో తుడిస్తే కిచకిచమని చప్పుడైంది. ఆ చప్పుడు వస్తేనే శుభ్రమైనట్టట. కట్టర్‌లో పెట్టి కొసను నిటారుగా తెంపి, ఆ తునకను గాలికి వదలకుండా చిన్న డబ్బాలో వేసుకున్నాడు, అది కాలిలో దిగితే కనపడదు, తీయడం కష్టం. రెండు కొసలూ మిషన్‌లో పెట్టి మూత వేయగానే తెర మీద రెండు బూడిదరంగు కడ్డీలు ఎదురెదురుగా కనిపించాయి. వాటంతటవే జరిగి, ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నట్టు నిలిచాయి. ఒక్క మెరుపు. నడుమ గీత మాయమై ఒకే కడ్డీ అయింది. తెర మీద నష్టం 0.02 అని చూపించింది. స్లీవును అతుకు మీదికి జరిపి, అదే మిషన్ వేడిలో అర నిమిషం ఉంచి బిగించి, నీళ్లు దూరని జాయింట్ బాక్సులో చుట్టి పెట్టి మూత బిగించాడు. ఇంట్లో కొసనూ అలాగే అతికాడు. ఆకుపచ్చ దీపం నిలకడగా వెలిగింది. మీటరు 21 చూపించింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆ కుర్రవాడికి మజ్జిగ ఇచ్చి, "ఈ పని మొదటి రోజే ఎందుకు చెయ్యలేదు నాయనా?" అని అడిగింది. ఆ మిషన్ ఖరీదైనదని, మండలానికంతా తమ దగ్గర ఒక్కటే ఉందని అతను చెప్పాడు.

టీవీ కూడా అదే పోగులో, వేరే రంగు వెలుతురు మీద వస్తుంది; పెట్టె వెనక నుంచి సెట్‌టాప్ బాక్సుకు మామూలు కేబుల్ వైరు పెట్టారు. 2019 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అమలు చేస్తున్న పద్ధతిలో ప్యాకేజీ తీసుకోకుండా మనకు కావలసిన పే ఛానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు. అమ్మ చూసే ఛానళ్లు మాత్రమే రాసిచ్చాను.

డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటే ముందే మన జిల్లాలో కుండపోతగా కురిసింది. మాకు రెండు రోజులు కరెంటు లేదు. అయినా ఇంటర్నెట్ ఒక్క గంట కూడా ఆగలేదు. వెనకటి కేబుల్‌కు దారిలో అక్కడక్కడా సిగ్నల్‌ను పెంచే, కరెంటుతో నడిచే యాంప్లిఫైయర్లు ఉండేవి, ఏ వీధిలో కరెంటు పోయినా ఆ తరువాతి ఇళ్లకు టీవీ పోయేది. ఈ ఫైబర్‌లో ఆపరేటర్ గదికీ మన ఇంటికీ మధ్య కరెంటుతో నడిచేది ఏదీ లేదు. స్ప్లిట్టరు కూడా ఉత్త గాజే. ఆయన గదిలో బ్యాటరీలున్నాయి, మా పెట్టెకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంది. దాన్ని పగలు ట్రాక్టర్ బ్యాటరీతో చార్జి చేసుకున్నాం. ఆ చీకట్లో చెన్నైలోని మా అక్కకు అమ్మ ముఖం చూపించగలిగాను.

తెగింది వానకు కాదు, మార్చిలో నిప్పుకు. ఎవరో గట్టు మీద ఎండుగడ్డి తగలబెట్టారు. తీగ అక్కడ కిందికి జారి ఉండడంతో నాలుగు మీటర్లు కరిగిపోయింది. అతికించడానికి తొమ్మిది రోజులు పట్టింది. తీగ నీ డబ్బుతో వేసింది కాబట్టి మరమ్మతు నీదేనని ఆపరేటర్, నెలనెలా డబ్బు తీసుకునేది నువ్వు కాబట్టి నీదేనని నేను. ఇద్దరిలో ఎవరి దగ్గరా కాగితం లేదు. ఆ తొమ్మిది రోజుల్లో 20వ తేదీ కూడా వచ్చి, నేను ఉదయగిరి వెళ్లి తెలిసిన వాళ్ల ఇంట్లో కూర్చుని పని చేయవలసి వచ్చింది. తరువాత ఇద్దరం కూర్చుని తెల్లకాగితం మీద రాసుకున్నాం: తీగ నాది, అతుక్కు 400 రూపాయలు నేను ఇవ్వాలి, చెప్పిన మూడు రోజుల్లో ఆయన మనిషిని పంపాలి, పంపకపోతే ఆ నెల చందా లేదు, వచ్చినప్పుడల్లా పవర్ ఎంతుందో కాగితం వెనక రాసి సంతకం పెట్టాలి. ఈ కాగితం సెప్టెంబరులో తీగ లాగక ముందే రాసుకోవలసింది. ఊరి బయట ఇల్లున్న ఎవరికైనా నేను మొదట చెప్పేది దీని గురించే.

మొన్న జూన్‌లో పెదనాన్న వచ్చాడు. మనవరాలు పాలిటెక్నిక్‌లో చేరిందని, ఆయన చేలోని ఇంటికి కూడా లైను ఇప్పించమని అడిగాడు. కుర్రవాడు రెండు దారులు చెప్పాడు. తుమ్మ చెట్టు దగ్గర నా తీగనే రెండుగా చీల్చవచ్చు, కానీ దానికి మూడున్నర పోయి మా ఇంట్లో 21 కాస్తా 25కు చేరుకుంటుంది. ఇంకొక్క అతుకు పాడైతే ఎర్ర దీపమే. రెండోది, మా తీగలో రెండు పోగులున్నాయి, ఒకటే వాడుతున్నాం. రామాలయం దగ్గరి స్ప్లిట్టరులో ఒక ద్వారం ఖాళీగా ఉంది కాబట్టి, మొదటి కిలోమీటరులో ఆ రెండో పోగును ఆయనకు ఇవ్వవచ్చు. అలా ఇస్తే, ఆ ముక్కలో నా పోగు చెడిపోయిన రోజు మార్చుకోవడానికి నాకు ఇంకొకటి ఉండదు. ఒక పూట ఆలోచించి రెండోదే చేయమన్నాను. కాగితం మీద ఆయన పేరు కూడా చేర్చి, మొదటి కిలోమీటరు అతుకుల ఖర్చు చెరిసగం అని రాశాం. ఆయన ఇంట్లో 20 వచ్చింది. ఇప్పుడు ఎండాకాలంలో ఆ గట్టు మీద గడ్డి కోసి పక్కకు వేయించే పని పెదనాన్నే చూసుకుంటున్నాడు.